పొడి చేతితో పట్టిన ముద్ద

యుద్ధం నడుస్తున్న రోజుల్లో నేను పెద్దమందడిలో పొలాల హద్దులు కొలిచే ఉద్యోగిని. కొలతకు వెళ్లినచోట రైతు పెట్టిన మెతుకు ముట్టకూడదన్నది నా నియమం. భార్య పుట్టింట ఉండటంతో సద్ది ముద్దలు నేనే కట్టుకోవలసి వచ్చింది. పావుశేరు బియ్యం వండి, త్రాసులో తూచి నాలుగు సమానమైన ముద్దలు చేశాను. పొలంలో మూట విప్పేసరికి నాలుగూ విడి మెతుకులయ్యాయి.

మర్నాడు పక్కింటి అవ్వ గోడమీదుగా చూసి నవ్వింది.

"ఏంది సారూ, భూమి కొల్చినట్టు బువ్వ కొలుస్తున్నవ్? చెయ్యి తడుపు, జర ఉప్పు రాస్కో. ఉడుకుగున్నప్పుడే ఒత్తాలె."

అవ్వ నడుమ చింతతొక్కు పెట్టి, మూడుసార్లు తిప్పి, ముద్దను ఎగరేసి పట్టుకునేది. చెదరకపోతేనే మోదుగాకులో చుట్టేది. నేను ఎగరేసినవి రెండు నా తలమీదే పడ్డాయి.

"నోటికి పెడుతున్నవా, నెత్తికా?"

పన్నెండో రోజుకు విద్య పట్టుబడింది. అంతలో ఆమె పొలం తగాదాయే నా చేతికి వచ్చింది. ఆ ఉదయం కలతలో చెయ్యి తడపడం మరిచాను. కొలత గొలుసు పరిచి కొలిస్తే, ఆమె సాగుచేస్తున్న చేనులో రెండు గజాలు పొరుగువాడివని తేలింది. గట్టుమీద నా మూట విప్పగానే ముద్దలు చెదిరి మట్టిలో పడ్డాయి. అవ్వ తన ముద్దలున్న ఆకు చాపింది.

"నియమం ఉందవ్వా."

"కొలుసుడు అయిపాయె గద సారూ. ఇంక నీకు పెట్టి నేనేం గుంజుకుంట? తిను."

ఆనాటి నా డైరీలో పొలం కొలత అంగుళాలతో సహా ఉంది. మూడు ముద్దలు తిన్నాననీ, నాలుగోది అడగడానికి నోరు రాలేదనీ మాత్రం రాయలేదు.