పిట్ట ముట్టిన దినం

గీ బరువు నేను ఏండ్లకేండ్లు మోసిన. నెత్తి మీద గంపయితే ఏడన్న దించి జర సేపు కూసోవచ్చు. ఇది దించరాదు. మా అత్తకు చెప్పలే. పెనిమిటికి చెప్పలే. కొడుక్కైతే ఎట్ల చెప్పాలె? వాని బతుకే దాని మీద నిలవడ్డది. మీరెవరో నాకు తెల్వది, నేనెవరో మీకు తెల్వది. గందుకే మీకు చెప్తున్న.

మాది సాలోళ్ల ఇల్లు. మగ్గాలు బందువడ్డంక ఊరిడిసి అమీర్‌పేటకు వచ్చినం. మా ఆయన కుట్టుమిషన్ పెట్టుకొని, ఖైరతాబాద్ దిక్కు సాబులకు షేర్వానీలు కుడ్తుండె. ఇంట్ల మా అత్త, మా ఆయన, నేను, మా మరిది రాజేశం. రాజేశానికి అప్పుడు పదిహేడేండ్లుంటయి. కాజాలు తీసుడు, గుండీలు కుట్టుడు వాని పని. నోరు మాత్రం ఊకుండది. నన్ను ఏడిపియ్యకుంటె వానికి పొద్దు పోదు. నా పెండ్లయి మూడేండ్లయినా కడుపు పండలే. మా ఆయనకు మారుమనువు చేద్దామన్న మాట ఇంట్ల మెల్లగ తిరుగుతుండె. నేను విననట్టే ఉంటుంటి.

ఎండకాలం ఒకనాడు పొద్దుగాల రాజేశం పంజాగుట్ట దిక్కు గుండ్ల నడుమున్న బాయికి ఈతకు పోయిండు. దుంకిండు. మల్ల లేవలే. నెత్తి రాయికి తాకిందన్నరు. ఎడ్లబండ్ల ఏసుకొని తెచ్చిండ్రు. తడిసిన జుట్టు ఇంక ఆరలే. మా అత్త ఏడ్వలే, నెత్తి కొట్టుకోలే. నా దిక్కు చూసి ఒక్కటే అడిగింది.

"తిని పోయిండా?"

"తిన్నడత్తా. కడుపునిండ తిన్నడు."

"ఏం తిన్నడు?"

"సద్దన్నం. సల్ల పోసిన. ఉల్లిగడ్డ కొరుక్కుంట తిన్నడు."

అబద్దం. తినలే. "వదినె, ఆకలైతున్నది" అని అడిగిండు. లేదన్న. తినకనే పోయిండు. ఆ ఉల్లిగడ్డ మాట నా నోటికెట్ల వచ్చిందో ఇప్పటికీ నాకు సమజ్ కాదు. మా అత్త ఆ మాట పట్టుకొని అప్పుడు ఏడ్చింది. ఉల్లిగడ్డంటె వానికి పాణం అనుకుంట ఏడ్చింది.

మూడో దినం పిట్టకు పెట్టాలె. పోయినోళ్లకు ఇష్టమైనయి వండి, ఇస్తరాకుల పెట్టి, దూరం జరిగి నిలవడ్తరు. కాకి వచ్చి ముడితె పోయినోళ్లు తృప్తిగ పోయినట్టు. ముట్టకపోతె మనసుల ఏదో మిగిలినట్టు. గప్పుడు ఇంటోళ్లు ఒక్కొక్కరే ముందలికి పోయి, నీకేం గావాలె, గిది చేస్తం, గది చేస్తం అని మాటిస్తరు. ఏ మాటకు పిట్ట వస్తె అదే పోయినోళ్ల కోరిక అనుకుంటరు.

ఆ అన్నం వండింది నేను. నా చేతి అన్నం వాడు ముడ్తడా? ముట్టకపోతె? నలుగురి ముందట నా బండారం బయటవడదా? బయిలెల్లే ముందు అటక మీది ఎండు పరక చేపలు నాలుగు తీసి కొంగున ముడేసుకున్న. కాకులు ఎండు చేపకు ఎట్ల ఎగవడ్తయో మా ఇంటి వాకిట్ల చూసిందాన్నే. ఏం చేద్దామని కట్టుకున్ననో అప్పుడు నాకు నేనే చెప్పుకోలే. కట్టుకున్న, అంతే.

స్మశానం కాడి చింతచెట్టు నిండ కాకులున్నయి. ఒక్కటి దిగలే. మా ఆయన ముందలికి పోయి "అవ్వను నేను చూసుకుంట తమ్మీ, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నడు. దిగలే. మా చిన్నమామ మాటిచ్చిండు. దిగలే. ఎండ ముదురుతున్నది. మా అత్త మన్నుల కూలవడి, "ఎవరి మీద కోపమొచ్చిందిరా కొడుకా?" అని అరిసింది. అందరు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. నా మొఖం చూస్తున్నరనే నాకనిపిచ్చింది.

గప్పుడు ఆమె అన్నది. "మల్ల నా ఇంట్లనే పుడ్తవా? మీ వదినె కడుపుల పుడ్తవా బిడ్డా?"

నేను ముడి ఇప్పిన. కండ్లు తుడుసుకున్నట్టు కొంగు దులిపిన. పరకలు ఆకు పక్కన పడ్డయి. కాకి వాలింది. దాని ఎనుక ఇంకోటి. జనం "ముట్టింది, ముట్టింది" అన్నరు. మా అత్త మన్నుల నుంచి లేచి వచ్చి నా కడుపు మీద చెయ్యి పెట్టింది.

ఎందుకు చేసిన? ఆమె ఏడ్పు చూడలేకనా? నిజమే, చూడలేకపోయిన. కోపం ఎవరి మీదనో ఎవరన్న అడుగుతరని భయంతోనా? అదీ నిజమే. మరి ముడి ఇప్పుతుంటె మారుమనువు మాట నా మనసుల లేదా? మా ఆయన మాటిచ్చినప్పుడు ఎందుకు ఇప్పలే, చిన్నమామ మాటిచ్చినప్పుడు ఎందుకు ఇప్పలే, సరిగ్గ నా కడుపు పేరు ఎత్తినంకనే ఎందుకు ఇప్పిన? గీ ప్రశ్న వేసుకున్నప్పుడల్లా నాకు నా మీదనే అసయ్యం పుడ్తది.

ఆ దినం మా అత్త అన్నం తిన్నది. మారుమనువు మాట మల్ల ఎవరు ఎత్తలే. ఏడాది తిరిగేసరికి నాకు కొడుకు పుట్టిండు. ఆమె వాని చెవెనుక పుట్టుమచ్చ చూపిచ్చి "గిదిగో, రాజేశానికి సుత ఉండె" అన్నది. నేనెన్నడు చూడలే. తలకాయ ఊపిన. ఆ పేరే పెట్టింది. వాడు ఆమెను నాయనమ్మ అనొద్దు, తల్లిని పిలిచినట్టు అవ్వా అని పిలవాలె, ఆమె వాన్ని కొడుకా అంటది. మాటలొచ్చే ఈడుల "పో, మీ వదినెనడుగు, పెడ్తది" అని వాన్ని నా దగ్గరికి తోలేది. నా కడుపుల పుట్టినోడు గిన్నె పట్టుకొని వచ్చి నన్ను "వదినె" అన్నడు. మా ఆయన గట్టిగ కోప్పడ్డంక అది బందువడ్డది. నా చెవులల్ల మాత్రం బందుకాలే.

ఆమెకు మాత్రం బతుకు దొరికింది. అబద్దమాడుతలేను, కండ్లార చూసిన. పిల్లలు పోయిన తల్లులు మా అరుగు మీదికి వచ్చి కూసునేటోళ్లు. పక్కింటి కిరస్తానామె సుత, పిట్టలను నమ్మకున్నా, బిడ్డ పోయినంక మా అత్త చెయ్యి పట్టుకొని కూసున్నది. "పోయినోళ్లు ఏడికీ పోరు బిడ్డా" అని మా అత్త చెప్తుంటె ఆ తల్లుల మొఖాలు జర తేటవడేవి. గంత మందికి ఓదార్పు దొరికింది నా నాలుగు ఎండు పరకలతోని. మరి గది తప్పా? తప్పు కాకపోతె నాకెందుకు నిద్ర రాదు?

ఆమె ఓదార్పు నా కొడుకు మెడకు పడ్డది. చిన్నప్పుడు ఆమె "బాయి యాదికున్నదా కొడుకా?" అనడిగితె, ఆమెను సంతోష పెట్టనీకె "ఆ, నీళ్లు మస్తు సల్లగుండె" అన్నడు. ఆమె మురిసిపోయింది. వాడు నా దిక్కు చూసిండు. అబద్దమాడినోళ్ల చూపది, నాకు తెల్సిందే. ఒకనాడు నన్ను పక్కకు పిలిచి, "అమ్మా, నాకేం యాదికి రాదు. నాల ఏదన్న లోపమున్నదా?" అనడిగిండు. లేదు బిడ్డా అన్న.

ఇప్పుడు వానికి పదిహేడు నడుస్తున్నయి. మా అత్తకు చూపు మందగించింది, భయం మాత్రం పెరిగింది. రాజేశం పోయిన ఈడిది, ఈ ఏడు గడిస్తె చాలంటది. గడప దాటనియ్యది. ఇయ్యాల పొద్దుగాల వాడు ఆమె మీద చిరాకువడి, తినకనే బయిలెల్లిండు. తినకనే. నేను గిన్నె పట్టుకొని సడక్ మీద ఉరికిన, చెప్పులు సుత లేవు. దుకాణం ముందట వాన్ని నిలవెట్టి ముద్దలు కలిపి పెట్టిన. దర్జీ పిలగాండ్లు నవ్విండ్రు. వాడు సిగ్గుతోని తిన్నడు. "ఎందుకమ్మా గింత భయం నీకు?" అన్నడు. చెప్పాలె. గప్పుడే చెప్పాలె. మూతి తుడిచి పంపిన.

వాడు పోయినంక ఆడనే నిలవడ్డ. ఎవరికో ఒకరికి చెప్పకుంటె పాణం పోతదనిపిచ్చింది. పరకల సంగతి చెప్పిన. అబద్దం సంగతి చెప్పిన. గానీ మీరొకటి గమనించిండ్రో లేదో, లేదన్న అని చెప్పిన, ఎందుకు లేదన్ననో చెప్పలే. ఇన్నేండ్లు నా మనసుకు సుత సరిగ్గ చెప్పుకోలే.

బాయికి పోయే ముందటి దినం నలుగురి ముందట "మా వదినె కాసిన చింతపండు సారు బాయినీళ్ల తీరుగుంటది" అని మా మరిది రాజేశం నవ్విండు. నవ్వులాటకే అన్నడు. నేను మొఖం మాడ్చుకున్న. తెల్లారి వాడొచ్చి గిన్నె చాపిండు. సల్ల ఉండె. ఉల్లిగడ్డ ఉండె. కుండల సద్దన్నం ఉండె.

నేను లేదన్న.