మిగతా పావు

అత్లిస్కో ఊరి బజారులో జిప్పులు మార్చే ఒటిలియాకి అక్టోబరు నెలంటే ఒకప్పుడు ప్రాణం. పోయినవాళ్ళు ఇంటికొచ్చిపోయే పెద్దల పండుగ దగ్గర పడేసరికి ఒక్కో కొట్టువాళ్ళ మీద ఒక్కో పుర్రె పద్యం రాసి, కుట్టుమిషను వెనక గోడకి అంటించేది. చావు వచ్చి మనిషిని ఎలా ఎగరేసుకుపోయిందో నాలుగు వరుసల్లో ఎగతాళిగా చెప్పాలి. బతికున్నవాళ్ళ మీదే రాయాలి, చివరికి చావు పట్టుకుపోయి తీరాలి. అదీ మా పద్ధతి. తన మీద పద్యం లేకపోతే మూతి ముడుచుకోని మనిషి మా బజారులో లేడు.

మూడేళ్ళ కిందట ఎండుమిరపకాయల కూకా మీద రాసింది. కూకా ఆమె ప్రాణస్నేహితురాలు. చావు ఆమె కొట్లో మిరపకాయ కొరికి, కళ్ళనీళ్ళు కారుతుంటే "మా ఇంట్లో వంటకి నువ్వే కావాలి పద" అని చెయ్యి పట్టుకు లాక్కెళుతుంది. కూకా పగలబడి నవ్వింది. పది రోజులకి గుండె ఆగి పోయింది.

ఎవరూ మొహం మీద అనలేదు గానీ గుసగుసలకేం తక్కువ! ఒటిలియాకి మాత్రం ఇంకొకరు చెప్పక్కర్లేకపోయింది. నా చెయ్యే దాన్ని చంపింది అనుకుంది. పెన్సిలు డబ్బాలో పడేసి మూత పెట్టింది. ఇంట్లో పండుగ బల్ల మీద పోయిన అమ్మకీ నాన్నకీ బంతిపూలు పెట్టేది, కూకాకి పెట్టే ధైర్యం చాలలేదు. ఏ మొహం పెట్టుకుని రమ్మంటుంది?

ఈ ఏడాది మాంసం కొట్టు ఫిదెన్సియోకి కడుపులో గడ్డ తేలింది. పండుగ కాగానే పుయెబ్లా పట్నంలో ఆపరేషను. డెబ్బై దాటిన మనిషి. ఒక పొద్దున నేరుగా ఒటిలియా మిషను ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏమ్మా, నా పద్యమేదీ?"

"నేను రాయడం మానేశాను బాబాయ్. నీకు తెలుసుగా."

"తెలుసు. మళ్ళీ మొదలెట్టు."

"ఈ ఏడాదా? నీ మీదా? నాకు భయంగా ఉంది బాబాయ్. నీకేమన్నా అయితే నేను బతకలేను."

ఫిదెన్సియోకి కోపమొచ్చింది. "బతికున్నవాళ్ళకే కదే రాసేది! నన్ను వదిలేశావంటే అప్పుడే పోయినవాళ్ళలో కలిపేసినట్టు. ఇంట్లో అందరూ అలాగే చూస్తున్నారు, గుసగుసగా మాట్లాడుతున్నారు. నువ్వు కూడానా?"

ఆ మాట ఆమెకి సూటిగా తగిలింది. కాదనలేక నాలుగు వరుసలు రాసిచ్చింది. మంచి మనసు, చల్లని చెయ్యి, బజారుకి పెద్దదిక్కు అని. ఆయన చదివి మిషను మీదకి విసిరాడు.

"ఇందులో చావేదీ? ఇది పద్యమా, సమాధి మీద రాతా? ఎవడే ఈ పుణ్యాత్ముడు? నేనైతే కాదు!"

నిజమే, ఆ కాగితంలో ఫిదెన్సియో లేడు. ఉన్నదంతా ఆమె భయమే. మర్నాడు ఆమె పాత అలవాటు ప్రకారం ఆయన కొట్టు ఎదురుగా పీట వేసుకుని కూచుంది. అల్లుకున్న మాటలన్నీ వదిలేసి ఊరికే చూసింది. ఉప్పు పట్టించిన మాంసం పలకలు, ఈగలు తోలే ఆయన చెయ్యి, తక్కెడ మీదకి తెలియనట్టు వాలే ఆ బొటనవేలు. నలభై ఏళ్ళుగా అందరికీ తెలిసిన వేలు! ఒటిలియాకి నవ్వాగలేదు. నవ్వుతూనే ఏడ్చింది. కూకాని కూడా తను ఇలాగే చూసింది కదా, ఇంత ఇష్టంగా. అలా చూసి రాసిన మాట మనిషిని ఎలా చంపుతుంది? మూడేళ్ళుగా మోసిన బరువు అక్కడ, ఆ పీట మీద దిగింది.

పండుగ ముందు రోజు పొద్దున గోడ దగ్గర జనం మూగారు. ఆమె చదివింది:

కిలో మాంసం కావాలంటూ చావు వచ్చి నిలిచింది,
తక్కెడ మీద ఫిదెన్సియో బొటనవేలు వాలింది,
ఇంటికెళ్ళి తూచుకుంటే ముప్పాతికే తేలింది,
"మిగతా పావుకి నువ్వే రా!" అని మెడ పట్టుకు లాక్కెళ్ళింది!

అందరి కళ్ళూ ఆయన మీదే. ఫిదెన్సియో రెండు చేతులతో కడుపు పట్టుకుని వంగిపోయాడు.

"అయ్యో, పట్టుకోండ్రా!" అని ఎవరో అరిచారు.

"ఛీ, తప్పుకోండి! నవ్వుతున్నాను!" అన్నాడాయన కళ్ళు తుడుచుకుంటూ. అప్పుడు నవ్వింది బజారంతా. ఆయన కాగితం ఊడబీకి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "డాక్టరుకి చూపిస్తా. ఎవరితో పెట్టుకుంటున్నాడో తెలియాలిగా!"

ఆ సాయంత్రం ఒటిలియా పండుగ బల్ల మీద ఒక గుప్పెడు ఎండుమిరపకాయలు పోసి, వాటి పక్కన కూకా పద్యం నిలబెట్టింది. "ఆలస్యమైందే, ఏమనుకోకు. రా, చదువుకో" అంది.

ఫిదెన్సియో తిరిగి రావడానికి మూడు వారాలు పట్టింది. బజారంతా ఆయన కొట్టు వైపే చూస్తూ ఉంది, ఒటిలియా అందరికన్నా ఎక్కువగా. ఒకనాడు మధ్యాహ్నం మిషను మీద నీడ పడితే తలెత్తింది. మనిషి చిక్కిపోయాడు, చొక్కా వేలాడుతోంది.

"నీ నోరు మంచిదే" అన్నాడు. "పావు అక్కడ కోసి ఉంచుకున్నారు. ముప్పాతిక వచ్చాను, కావాలంటే తూచుకో."