చీమలు ముట్టని ఎర

ఉత్తర మినాస్ ప్రాంతంలోని జామాయిల్ తోటల్లో చీమలకు మందు పెట్టేవాళ్లు వాసన సబ్బు వాడరు. ఇరసీల్డా అయితే పంతొమ్మిదేళ్లుగా వాడలేదు. ఆకులు కోసే ఎర్రచీమకు ఏ కొత్త వాసన తగిలినా ఎర గింజను ముట్టదు. అది మోసుకుపోతేనే కదా, నేల కింద ఆకుల మీద అది తిండికి పెంచుకునే బూజులోకి విషం చేరేది. చుట్ట కాల్చిన చేత్తో ఎవరైనా సంచి దగ్గరికొస్తే ఇరసీల్డా తరిమేది. పుట్టను అడుగులతో కొలిచి, చీమల బాట పక్కన గింజలు పోసేది. మట్టి రంగు చూసి ఏ పుట్టలో ప్రాణముందో చెప్పేది.

ఈ ఏడు కంపెనీ ట్రాక్టరు తెచ్చింది. సాళ్ల వెంట కొలిచినట్టు ఎర పొట్లాలు జారవిడుస్తుంది. కొత్త ఇంజనీరు రువాన్ పరీక్ష పెట్టాడు: తోటలో ఒక చెక్క నేల ట్రాక్టరుకి, ఒక చెక్క ఇరసీల్డాకి. వారం తర్వాత ఎక్కడ మొక్కలు మిగిలితే ఆ పద్ధతే ఉంటుంది. ఇరసీల్డా ఓడితే ఆమెకీ, ఆమె గుంపులో పదిమందికీ పని పోతుంది.

ఆ పొద్దున ఆమె సంచి మూతి విప్పి వాసన చూసింది.

“దీన్ని ఎక్కడ పెట్టి తెచ్చావు తమ్ముడూ?”

సామాను బండి డ్రైవర్ ఓస్మరీనో తల గోక్కున్నాడు. “బండి వెనకాల, డీజిల్ డబ్బా పక్కనక్కా. మూత బిగించే ఉంది.”

“నీ ముక్కుకి కూడా బిగించారా?” అని ఇరసీల్డా ఇంజనీరు వైపు తిరిగింది. “ఇది పనికిరాదు బాబూ. వేరే సంచి ఇప్పించండి.”

రువాన్ నవ్వాడు. “చీమలు సెంటు అడుగుతాయా అమ్మా? మందు అదే మందు. గోదాము ఇక్కడ లేదు.”

“వేరే సంచి వచ్చేదాకా రెండ్రోజులు ఆగుదాం.”

“ఎల్లుండి వాన. తడిస్తే గింజ పాడవుతుందని మీరే అంటారుగా. ఇవాళ పెట్టకపోతే మీ చెక్క ఖాళీ అని రాసుకుంటా.”

నిజమే, ఆ మాట ఆమెదే. పెట్టింది.

మర్నాడు గింజలు పోసినవి పోసినట్టే ఉన్నాయి. ఒక పుట్ట దగ్గర చీమలు లోపలికి తీసుకెళ్లిన నాలుగింటినీ తెచ్చి బయట పడేస్తున్నాయి.

“మా ఆవిడ కంటే శుభ్రం,” అన్నాడు ఓస్మరీనో.

వారానికి ఆమె చెక్కలో మొక్కలన్నీ చీమలు ఆకులు కోసేసి పుల్లలయ్యాయి; ట్రాక్టరు చెక్కలోవి నిలిచాయి. రువాన్ చూసిందే రాశాడు.

“డీజిల్ సంగతి కూడా రాయండి బాబూ.”

“ఈ కాగితంలో దానికి గడి లేదమ్మా.” కాగితం మడిచి మెత్తగా అన్నాడు: “మీరు మాత్రం ఉండండి. ట్రాక్టరువాళ్లకి పుట్టలు గుర్తుపట్టడం మూడు నెలలు నేర్పండి.”

ఇంట్లో పొయ్యి వెలగాలి. సరేనంది. గుంపు చివరిసారి బస్సెక్కిన రోజున ఆమె పక్క సీటులో ఎవరూ కూర్చోలేదు. దిగేటప్పుడు గుంపులో ఒకామె మాత్రం ఆగింది.

“వాళ్లకి నువ్వు నేర్పుతావు. ఇంకేం పని చేసి బతకాలో మాకెవరు నేర్పుతారక్కా?”

సోమవారం ఇరసీల్డా ట్రాక్టరు ముందు నడుస్తూ, ఒక పుట్ట దగ్గర ఆగి కర్రతో చూపించింది. నడిపేవాడు వేగం తగ్గించలేదు.

“పక్కకి జరుగు పెద్దమ్మా. నువ్వు చూపించినా, చూపించకపోయినా పొట్లం పడుతుంది.”