రంగు కార్డులో ఆరో గడి

సముద్రం నుంచి ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే క్వార్టర్‌కి వచ్చి ఇంకా బ్యాగు కూడా దించలేదు, అమ్మ గుండెలు బాదుకుంది.

“ఓలమ్మో! ఏటే ఆ రంగు? నిన్ను ఉద్యోగానికి పంపినామా, బొగ్గు దించడానికి పంపినామా?”

మద్రాసు దాటి, రామేశ్వరం వైపు దీవుల దగ్గర పగడపు దిబ్బల సర్వేలో పని నాది. పొద్దస్తమానం పడవ, ఎండ, ఉప్పునీళ్లు. నల్లబడక ఏమవుతాను? కానీ అమ్మ బాధ వేరు. ఆదివారం ఊళ్లోనే నిమ్‌పురా పేట నుంచి ఒకావిడ తన కొడుక్కి నన్ను చూడటానికి వస్తోంది. ఆవిడకి పంపిన ఫోటోలో నన్ను ఫోన్లోనే తెల్లగా తోమేసింది మా అమ్మ.

“ఈ సంబంధం గాని రంగు పేరు సెప్పి తప్పిపోనాదంటే, నీ సముద్రం కతలు కట్టిపెట్టీయ్. ఇక్కడే ఏదో బడిలో సేరు” అంది.

నాకు ఒళ్లు మండింది. పెళ్లంటే నాకేం కోపం లేదు. కానీ మేం గుర్తు బిళ్లలు కట్టిన పగడాల దగ్గరికే మళ్లీ మళ్లీ వెళ్లి చూడాలి. ఒక విడత తప్పితే మధ్యలో వాటికి ఏమైందో ఎవరికీ తెలియదు. పైగా ఈసారి నీళ్లు వేడెక్కుతున్నాయి.

మర్నాటి నుంచే శనగపిండి, పసుపు, మీగడ కలిపి నా మొహానికీ చేతులకీ పట్టించడం మొదలుపెట్టింది. ఆ సందడిలోనే నా బ్యాగులోంచి రంగు కార్డు ఆమె కంటపడింది. అరచేయంత తెల్లటి ప్లాస్టిక్ అట్ట. అంచు పొడుగునా లేత రంగు నుంచి ముదురు గోధుమ దాకా గళ్లు, ఒకటి నుంచి ఆరు.

“ఇదేటే?”

“పగడం పక్కన పెట్టి, దాని రంగు ఏ గడితో కలుస్తాదో సూస్తామమ్మా.”

“అంటే తెలుపు కొలిసీదన్నమాట!”

నేను అవుననలేదు, కాదనలేదు. నోరు మూసుకోవడం నాకు అలవాటు లేని పనే గానీ ఆ రోజు భలే కుదిరింది.

ఇక చూడాలి అమ్మ సంబరం! పిండి కడగ్గానే నన్ను గుమ్మంలోకి లాగి, చేతి పక్కన కార్డు పెట్టేది. నేనూ పద్ధతంతా నేర్పాను. నీడ పడకూడదు, రోజూ ఒకే వేళకి చూడాలి, అన్నిటికన్నా ముదురు చోటొకటి, లేత చోటొకటి చూడాలి. మా టీములో కొత్తవాళ్లకన్నా శ్రద్ధగా పట్టేసింది. శనివారానికి నేను ఆరు నుంచి ఐదుకి దిగానని వీధంతా వినేలా కేక పెట్టింది.

ఆదివారం ఆవిడ వచ్చి, నన్నూ ఫోన్లో ఫోటోనీ మార్చి మార్చి చూసింది.

“ఫోటోలో సాయ ఎక్కువున్నట్టుంది వదినా.”

అమ్మ తొణకలేదు. కార్డు తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టింది. “ఇది సైన్సు వదినా! ఆరులో ఉండీది, ఐదుకొచ్చీసినాది. పెళ్లినాటికి రెండుకి దింపీనా?”

“ఏటమ్మా ఈ కార్డు?” అని ఆవిడ నన్నడిగింది. నేను కాచుక్కూర్చున్నది దీనికే.

“పగడం రాయి కాదత్తా, ప్రాణి. దాని ఒంట్లో కంటికి కనపడని నాచు ఉంటాది. ఆ గోధుమ రంగు ఆ నాచుదే, పగడానికి తిండి పెట్టీదీ అదే. నీళ్లు వేడెక్కితే నాచు పోతాది, పగడం తెల్లబడతాది. అంటే పస్తున్నాదన్నమాట. ఆరు నుంచి నాలుగుకి దిగితేనే మాకు కంగారు. రెండంటే సావుకి దగ్గర.”

ఆవిడ కార్డు వంక చూసి, అమ్మ వంక చూసింది. “అయితే పిల్లని పస్తులతో మాడ్సేస్తన్నావేటి వదినా!” అని పకపకా నవ్వింది. టీ తాగి, కబురు చేస్తామని వెళ్లిపోయింది. ఆ మాటకి అర్థమేమిటో మా ఇద్దరికీ తెలుసు.

తలుపు వేసి వస్తున్న అమ్మని చూసి తిట్లకి సిద్ధపడ్డాను. అమ్మ తిట్టలేదు. గుమ్మం వెలుగులోకి తన చెయ్యి చాపి, పక్కన కార్డు పెట్టుకుంది. మా నాన్నమ్మ బతికినన్నాళ్లూ అమ్మని పేరు పెట్టి పిలవలేదు, కర్రిదానా అనే పిలిచేది. ఇప్పటికీ అమ్మ మొహానికి పౌడరు అద్దుకోకుండా కూరగాయలకి కూడా వెళ్లదు.

“నీడ పడతంది, తప్పుకో” అంది. “ఇప్పుడు సెప్పు, నాదెంత?”

“ఆరు.”

“ఆరంటే?”

“నిక్షేపంగా ఉన్నావమ్మా.”

కాసేపు చెయ్యి తియ్యలేదు. తర్వాత వంటింట్లోకి వెళ్లి, నా మొహానికని దాచిన శనగపిండి డబ్బా దించింది.

“ఉల్లిపాయలు కొయ్యి, పకోడీలేద్దాం” అంది. “నీ మద్రాసు బండెప్పుడు?”