కొత్త కుండలో పొగబెట్టిన ఉప్పు

మా ఆయనకు బీపీ ఉందని తేలిన రోజున డాక్టరు గారు, "ఉప్పు సగానికి సగం తగ్గించేయండమ్మా" అన్నారు. ఈయన ముప్ఫై ఏళ్ళకు పైగా జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఊరుకుంటారా? "సగానికి సగం అంటే పావు మిగలాలా, సగం మిగలాలా డాక్టరు గారూ?" అని అడిగారు. డాక్టరు గారు నా వైపు జాలిగా చూసి, "మీ ఇష్టమండి, తగ్గితే చాలు" అన్నారు.

ఆ రోజు నుంచీ మా ఇంట్లో భోజనం వేళ మాటలు తగ్గిపోయాయి. ఈయన కంచం ముందు కూర్చుని, పప్పులో వేలు ముంచి నాలిక్కి రాసుకుని, "ఇది పప్పేనని నువ్వు చెబితే నమ్మాలి" అనేవారు. వంకాయ కూరను చూసి నిట్టూర్చేవారు. చారైతే గ్లాసు అంచు దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయేది. నిమ్మరసం పిండాను, మిరియాలు ఎక్కువ వేశాను, కొత్తిమీర కట్టలకు కట్టలు కలిపాను. ఏం చేసినా ఈయన మొహం మాత్రం పరీక్ష తప్పిన పిల్లాడి మొహంలాగే ఉండేది.

నేను రాజోలు వైపు ఒక హైస్కూల్లో సోషల్ టీచర్ని. రోజూ అమలాపురం నుంచి బస్సులో వెళ్ళొస్తాను. మా బడిలో మధ్యాహ్న భోజనం పిల్లలకు పెట్టేముందు టీచర్లలో ఒకరు రుచి చూడాలి. ఒక రోజు నా వంతు వచ్చింది. వంటావిడ గరిటెతో పప్పుచారు తీసి నా చేతిలో గిన్నెలో పోసింది. ఒక్క గుక్క తాగి ఆగిపోయాను. అందులో కట్టెల పొయ్యి ఉంది. కానీ ఎదురుగా కనిపిస్తున్నది గ్యాస్ స్టవ్వు.

"ఇదేంటక్కా, ఈ వాసన ఎక్కడిది?" అన్నాను.

ఆవిడ నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. గోదారి సముద్రంలో కలిసే దగ్గర ఊరు, చేపలు పట్టే కుటుంబం. నవ్వి, మూత బిగించిన చిన్న స్టీలు డబ్బా చూపించింది. అందులో తేనె రంగు తిరిగిన కల్లుప్పు ఉంది.

"గ్యాసొచ్చేక పిల్లలు సరిగ్గా తినట్లేదండి మేడమ్ గారూ. పొయ్యి మీద వండినప్పటి రుచి లేదన్నారు. ఏం చెయ్యాలా అని ఆలోచించి ఉప్పుకి పొగ పెట్టేనండి. మామూలు ఉప్పుతో వండేసి, దింపేముందు ఇది రవ్వంత వేస్తాను, అంతే."

మా ఇంటి సంగతి చెప్పాను. మొత్తం విని, "ఆయ్, దానికేముందండీ, తెచ్చిస్తాను" అంది. వారం తిరక్కుండానే ఓ గాజు సీసా నిండా తెచ్చి నా సంచిలో పెట్టింది.

ఆ రాత్రి చారులో మామూలు ఉప్పు మానేసి, చివర్లో ఈ ఉప్పు చిటికెడే వేశాను. ఈయన గ్లాసు ఎత్తారు. దించలేదు. ఖాళీ చేసి, మళ్ళీ పట్టారు. మూడోసారి అన్నంలో పోయించుకుని, "మా బామ్మ మడి కట్టుకుని కొబ్బరి మట్టలు మండించి పెట్టే చారు ఇలాగే ఉండేది. ఏం వేశావు?" అన్నారు.

చెప్పాను. వినగానే ముద్ద పట్టిన చెయ్యి కంచంలోనే ఆగింది.

"వాళ్ళింట్లో పొగ వేటికి పెడతారో తెలుసా నీకు?"

తెలుసు. వానాకాలం ఎండ లేనప్పుడు చేపలకు పెడతారు. మా అత్తవారిది తరతరాలుగా వేదం చెప్పుకున్న ఇల్లు. గుడ్డు కూడా గడప దాటి లోపలికి రాలేదు. ఈయన కంచం తొయ్యలేదు. ఆ ముద్ద తినేసి, చెయ్యి కడుక్కుని, "ఓసారి కనుక్కో" అని మెల్లగా అన్నారు.

ఎలా కనుక్కోవడం? ప్రేమగా తెచ్చిచ్చిన మనిషిని పట్టుకుని, నీ ఉప్పు ఏ పొయ్యిలోది అని అడగడానికి నాకు నోరు రాలేదు. రెండు రోజులు వంటగది వైపు వెళ్ళకుండా తప్పించుకున్నాను. మూడో రోజు ఆవిడే స్టాఫ్ రూము గుమ్మం దగ్గరికి వచ్చింది.

"ఏంటండీ, ఉప్పు బాగోలేదా? సారుకి నచ్చలేదా?"

"నచ్చిందక్కా. చాలా నచ్చింది. కానీ..." అని నసిగాను.

ఆవిడ నా మొహం ఒక్క క్షణం చూసి పకపకా నవ్వింది. "చేపల కుండలో పెట్టేననుకున్నారా? అయ్యో రామా! మీరు తినరని నాకు తెలీదాండీ? మీ కోసం సంతలో కొత్త కుండ కొనుక్కొచ్చి, పెరట్లో ఓ పక్కన వేరే పెట్టేను. ఆ కుండలో ఇంకోటి ఏదీ పెట్టలేదు. పిల్లలకీ అందులోదే ఇప్పుడు."

నాకు తల ఎత్తడానికి సిగ్గేసింది. నేను అడగకుండానే ఇంత ఆలోచించి, చేసిన సంగతి చెప్పుకోకుండా ఊరుకున్న మనిషికి కనపడకుండా రెండు రోజులు దాక్కుని తిరిగాను.

"ఏమీ అనుకోకక్కా."

"అడిగితే తప్పేంటండీ? నేను ఎవరింటికెళ్ళినా రొయ్య తాజాదా కాదా అని మొహమ్మీదే అడిగేస్తాను" అంది.

ఆ సాయంత్రం సంగతంతా ఈయనకు చెప్పాను. "కుండ కొనుక్కొచ్చిందా?" అని రెండుసార్లు అడిగారు. ఆ రాత్రి చారు ఒక్క చుక్క మిగలలేదు.

కథ ఇక్కడితో సుఖంగా తేలిపోయి ఉండాల్సింది. నెల తర్వాత చూపించుకుంటే బీపీ తగ్గకపోగా కాస్త పెరిగింది. డాక్టరు గారు నా వైపు అనుమానంగా చూశారు. ఇంటికొచ్చి సీసా తీశాను. చిటికెలతో వాడుతున్న ఉప్పు సగం సీసాకి దిగింది.

"ఏమండీ!"

ఈయన పేపరు కిందికి దించలేదు. "పెరుగన్నంలో... కొంచెం."

"ఇంకా?"

"జామకాయ మీద."

"ఇంకా?"

"ఊరికే. చేతిలో వేసుకుని." పేపరు వెనకనుంచి గొంతు చిన్నదైపోయింది. "ఉత్తి ఉప్పు కాదు కదా, ఇందులో పొగ కూడా ఉంది కాబట్టి ఉప్పు శాతం తక్కువని లెక్క వేసుకున్నాను."

లెక్కల మాస్టారి లెక్క! మర్నాడు వంటావిడ దగ్గర మొర పెట్టుకున్నాను. ఆవిడ బెండకాయలు తరగడం ఆపి, "సారుకి కావాల్సింది ఉప్పు కాదండి, పొగ. మిరపకాయలకి, జీలకర్రకి, ధనియాలకి పెడితే సరిపోతుంది కదా. ఆదివారం ఇద్దరూ రండి, చూపిస్తాను" అంది.

వెళ్ళాం. ఈయన చేతిలో నోటుపుస్తకం, జేబులో పెన్ను. ఆవిడ పెరట్లో పెద్ద కుండ అడుగున ఎండిన కొబ్బరి పీచు డొక్కలు రాజేసి, మంట లేవకుండా నీళ్ళు చిలకరించింది. కుండ లోపలే మూడు ఇటుక ముక్కల మీద మూకుడు పెట్టి, అందులో జీలకర్ర పల్చగా పరిచి, కుండ మూతి మీద తడిపిన గోనెపట్టా కప్పింది. ఈయన వాచీ చూసుకుంటూ, "ఎన్ని నిమిషాలండీ?" అన్నారు.

"నిమిషాలు నాకు తెలీదండి. వాసన మారేదాకా."

"వాసన ఎంత సేపటికి మారుతుంది?"

"అది మారినప్పుడండి."

ఈయన కాసేపు ఆలోచించి పుస్తకంలో అదే రాసుకున్నారు. మధ్యాహ్నం ఆవిడ కొత్త గిన్నెలో మాకోసం అరటికాయ వేపుడు, చారు వండింది. ఈయన అరుగు మీద కూర్చుని, ఏమీ అడక్కుండా తిన్నారు. పక్కనే కూర్చుని నేనూ తిన్నాను.

తర్వాతి ఆదివారం మా అపార్టుమెంటు మేడ మీద సొంత ప్రయోగం. జీలకర్ర బాగా వచ్చింది. ధనియాలూ వచ్చాయి. ఆ ఉత్సాహంలో ఈయన మూకుట్లో పట్టేదానికి రెట్టింపు ఎండుమిరపకాయలు పోశారు. గోనెపట్టా సర్దబోతే మూకుడు ఒరిగి, మిరపకాయలన్నీ నిప్పుల్లో పడ్డాయి.

ఆ ఘాటు గురించి ఏం చెప్పను! ముందు మేమిద్దరం దగ్గాం. తర్వాత కింద మూడో అంతస్తు దగ్గింది, రెండో అంతస్తు దగ్గింది. వాచ్‌మన్ ముక్కుకి తువ్వాలు కట్టుకుని బకెట్టు నీళ్ళతో పైకి పరిగెత్తుకొచ్చాడు. మెట్ల మీద జనం గుమిగూడారు. కింది వాటాలో పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటూ, "ఎవరికమ్మా దిష్టి తీసేరు?" అని అడిగింది.

ఏం చెప్పాలో తెలీక, "మా వారికండీ" అన్నాను.

"ఇంత ఘాటొచ్చిందంటే దిష్టన్నదే లేదమ్మా ఆయనకి. బెంగెట్టుకోకండి" అని దీవించి వెళ్ళిపోయింది. ఈయన తుమ్ముల మధ్య చేతులు జోడించి దణ్ణం పెట్టారు.

ఆ తర్వాత మిరపకాయలు పిడికెడేసి చొప్పున పెట్టడం నేర్చుకున్నారు. ఇప్పుడు మా ఇంట్లో చారుపొడి, కూరపొడి ఈయనవే. పొగ తగిలిన జీలకర్ర నూరి మజ్జిగలో కలిపితే ఉప్పు లేదన్న ధ్యాసే రాదు. ఉప్పు సీసా పెట్టిన బీరువా తాళం నా దగ్గరే ఉంటుంది. పోయినసారి డాక్టరు గారు తగ్గిన బీపీ అంకెలు చూసి, "ఏం చేశారమ్మా?" అన్నారు. చెప్పడం మొదలుపెట్టింది నేనే అయినా, పూర్తి చేసింది ఈయన. బయట వేచి ఉన్నవాళ్ళు తలుపు తట్టేదాకా చెబుతూనే ఉన్నారు.

మొన్న ఆదివారం వంటావిడని భోజనానికి పిలిచాం. మామిడికాయ పప్పు, వంకాయ కూర, చారు, మొత్తం వంట ఈయనదే. ఆవిడ చీర కొంగు సర్దుకుని కూర్చుని, అన్నీ రెండోసారి వడ్డించుకుని తింది. "బావుందండి. వంకాయకి మాత్రం పొగ ఎక్కువైంది" అని ఉన్నమాట అనేసింది.

ఎండగా ఉందని ఈయన గొడుగు పట్టుకుని ఆవిడని బస్టాండు దాకా దిగబెట్టడానికి వెళ్ళారు. పది నిమిషాల దారి. గంటన్నరైనా రాకపోయేసరికి నేను కంగారుపడి ఫోన్ చేశాను. వంకాయని పొగలో ఎంతసేపు ఉంచాలో మాట్లాడుకుంటూ రాజోలు బస్సులు రెండు వదిలేశారట.