మూడు హోటళ్ళ భోజనం

మా బావగారి కూతురి పెళ్ళయిన మర్నాడు వంటవాళ్ళు గుండిగలు సర్దుకుని చిలకలూరిపేటలో ఇంకో పెళ్ళికి వెళ్ళిపోయారు. చుట్టాలు మాత్రం కదల్లేదు. మాచర్ల వాళ్ళూ గురజాల వాళ్ళూ కలిపి నలభై మంది దాకా నరసరావుపేటలోనే ఉన్నారు. వాళ్ళ రాత్రి భోజనం పూచీ నాది. వంటవాళ్ళను రెండో రోజుకి ఉంచొద్దని ముందే బావగారికి చెప్పి, ఆ పూచీ కావాలనే నెత్తినేసుకున్నాను.

నా ప్లాను ఇది. అందరం కలిసి నడుచుకుంటూ మూడు హోటళ్ళకు వెళ్తాం. మొదటి చోట బజ్జీలు, రెండో చోట దోసెలు, మూడో చోట అన్నం. పట్నాల్లో కుర్రకారు ఇలా తింటారని మా అమ్మాయి చెప్పింది. మా ఆయన విని, "ఏమే, నలభై మందిని రోడ్డు మీద నడిపిస్తావా, గొర్రెల్నా ఏంది" అన్నారు. నేను బడిలో పాఠాలు చెప్పే మనిషిని. ఏటా పిల్లల్ని సాగర్‌కీ ఎత్తిపోతలకీ తీసుకెళ్ళి, తీసుకెళ్ళిన వాళ్ళందర్నీ తిరిగి ఇళ్ళకు చేర్చినదాన్ని. పెళ్ళి చుట్టాలు నాకొక లెక్కా.

పెళ్ళికి వారం ముందే ఆ దారంతా నడిచి చూసుకున్నాను. ఎక్కడ కాలవ మీద బండ కదులుతోందో, ఎక్కడ లైటు వెలగదో, మోకాళ్ళ నొప్పుల పెద్దత్త ఎక్కడ కూర్చోవాలో చూసి పెట్టుకున్నాను. పట్టుచీరలు కట్టొద్దని, ఎత్తు చెప్పులు వద్దని ఫ్యామిలీ గ్రూపులో మెసేజ్ పెట్టాను. హోటళ్ళ వాళ్ళకు కూడా గట్టిగా చెప్పాను. మనిషికి రెండు బజ్జీలు, ఒక దోసె. అడిగినా ఇంకోటి వేయొద్దు. మూడో చోటు ఏదని గ్రూపులో ఎందరడిగినా, అక్కడికెళ్ళాక చెప్తానన్నాను.

అసలు ఈ నడకంతా ఆ మూడో చోటు కోసమే. అది మా తోడికోడలి మెస్సు.

మా మరిది పోయాక ఆమె కోర్టు పక్కనే భోజనాల మెస్సు పెట్టింది. వాయిదాలకొచ్చే జనం, గుమాస్తాలు, ప్లీడర్లు అక్కడే తింటారు. మధ్యాహ్నం కుర్చీ దొరకదు. కానీ మా వాళ్ళెవరూ ఆ గడప తొక్కలేదు. బావగారు మొదట్లోనే అన్నారు: "మన ఇంటి కోడలు ఊళ్ళోవాళ్ళకి అన్నం అమ్మటమేంది." అంతే. మళ్ళీ ఒక్క మాట అనలేదు, కోపమూ చూపించలేదు. పంటప్పుడు బియ్యం బస్తాలు ఎప్పట్లాగే పంపిస్తారు. కానీ పొలం కేసు వాయిదాకి కోర్టుకొచ్చిన రోజున ఆ మెస్సు వైపు చూడకుండా రోడ్డు దాటి వేరే హోటల్లో తింటారు. ఆయన తినరు గనక ఇంకెవరూ తినరు. ఎవరైనా అడిగితే, మా మరదలు ఇంటి దగ్గరే ఉంటోందని చెప్తారట. ఆ మాట మా తోడికోడలి చెవిన పడ్డ రోజు నా దగ్గర కూర్చుని ఏడ్చింది.

"నాకింకేం వద్దక్కా. బావగారు ఒక్కసారి నా మెస్సులో కూర్చుని తింటే చాలు. మిగతావాళ్ళ నోళ్ళు వాటంతటవే మూతపడతాయి" అంది. ఆ రోజే నా బుర్రలో ఈ ప్లాను పుట్టింది.

సాయంత్రం అందరం బయల్దేరాం. మొదటి చోటు బ్రహ్మాండంగా జరిగింది. బజ్జీల బండి కాదది, కుర్చీలున్న హోటలే. గబగబా తిన్నారు, ఇంకా కావాలన్నారు, నేను ఒప్పుకోలేదు. "ఇదేంది, బళ్ళో మధ్యాహ్న భోజనం కన్నా కనాకష్టంగా ఉంది" అని గురజాల వాళ్ళు ఆటపట్టించారు. పెద్దత్త నడవలేనంటూనే అందరికంటే ముందు నడిచింది. బావగారు కూడా పంచె ఎగ్గట్టి హుషారుగా కబుర్లు చెప్తూ వచ్చారు. అనుకున్నది జరిగిపోయినట్టేనని నాకు చెప్పలేనంత సంతోషం.

రెండో చోట పప్పులో కాలేశాను. ఆ హోటలాయన బావగారికి పాత స్నేహితుడు. ఒక్కో దోసె అని నేను చెప్పింది చెప్పినట్టే పెట్టాడు. దోసెలు అయ్యాక అందరి ముందూ గిన్నెలు పెట్టించాడు. చూస్తే పెరుగన్నం. పైన దానిమ్మ గింజలు, అల్లం ముక్కలు. నేను పరిగెత్తుకెళ్ళి, ఇది ఎవరు చెప్పారని అడిగాను.

"ఎవరు చెప్పాలమ్మా. పెళ్ళివారు మా హోటలుకొస్తే పెరుగు పెట్టకుండా లేపుతానా" అన్నాడాయన, నేనేదో తప్పు మాట్లాడినట్టు.

అప్పటికే బావగారు గిన్నె ఖాళీ చేసి లేచారు. చేతులు కడుక్కున్నారు, పుక్కిలించారు, తుడుచుకున్నారు. ఆయన వెనక పెద్దవాళ్ళంతా వరసగా కుళాయి దగ్గర నిలబడ్డారు. మా ఇళ్ళల్లో పెరుగు తిని చెయ్యి కడిగితే భోజనం అయిపోయినట్టే. ఆ తర్వాత అమృతం పోసినా తాగరు. బజ్జీలు లెక్కపెట్టినదాన్ని, కాలవ బండలు చూసినదాన్ని, ఈ ఒక్క మాట హోటలాయనకు చెప్పాలని నాకు తట్టలేదు. అయినా నడిపించాను. ఇంకేం చేస్తాను.

మెస్సు ముందు దీపాలు పెట్టి ఉన్నాయి. లోపల బల్లల మీద ఆకులు పరిచి, నీళ్ళు చల్లి ఉన్నాయి. అన్నం ఆవిరి గుమ్మం దాకా వస్తోంది. మా తోడికోడలు ఉతికిన నేత చీర కట్టుకుని ఎదురొచ్చి, "రండి బావగారూ" అంది. బావగారు గడప దగ్గర ఆగారు. అందరి కళ్ళూ ఆయన మీదే.

"పెరుగు తిన్నానమ్మాయ్. చెయ్యి కడిగేశాను" అన్నారు.

అది నిజమే. అబద్ధమాడినా ఇంత కోపం వచ్చేది కాదు నాకు. ఒంటికాలి మీద లేచి, రెండేళ్ళుగా మీరు ఏ పెరుగు తిని రావట్లేదని అడగబోయాను. మా తోడికోడలు నా చెయ్యి గట్టిగా నొక్కింది.

"పెరుగు తిన్నాక ఎట్టా తింటారులే బావగారూ. సోమవారం మీకు వాయిదా ఉందిగా. పన్నెండింటికి అన్నం దిగిద్ది. అప్పుడు రండి" అంది, అందరికీ వినబడేలా, తడబడకుండా. పిల్లల వైపు తిరిగి, "మీరు కూర్చోండి, మీకింకా ఆకలి తీరలేదు" అంది. పిల్లలు కూర్చున్నారు. వాళ్ళ తల్లులూ కూర్చున్నారు. పెద్దవాళ్ళు బయట కుర్చీల్లో కూర్చుని కిళ్ళీలు నమిలారు.

సోమవారం నేను బడికి సెలవు పెట్టి మెస్సుకెళ్ళాను. ఆమె పొద్దున్నుంచి వంటింట్లోంచి బయటకు రాలేదు. పన్నెండు దాటేసరికి కుర్చీలన్నీ నిండిపోయాయి, తినేవాళ్ళ వెనక మనుషులు నిలబడ్డారు. అలాంటి వేళ బావగారు తన ప్లీడరుతో లోపలికొచ్చారు. ఎవరూ జరిగి చోటివ్వలేదు. నేను లేచి కుర్చీ వేయించబోతే వద్దని చెయ్యి ఊపారు. ఎవరో ముసలాయన నింపాదిగా పులుసు కలుపుకుంటుంటే ఆయన కుర్చీ వెనకే చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ప్లీడరు గడియారం చూసుకున్నాడు. "ఇక్కడ ఇప్పట్లో అయ్యేట్టు లేదండీ. రోడ్డవతల మనం ఎప్పుడూ తినే హోటలుకి పోదాం పదండి" అన్నాడు.

"మీరు పోయి రండి. ఇది మా మరదలి హోటలు. నేనిక్కడే తింటా" అన్నారు బావగారు.

ఆయన గొంతు పెద్దది. తింటున్నవాళ్ళు తలెత్తి చూశారు. నేను గబగబా వంటింట్లోకి వెళ్ళాను. ఆమె కూడా విన్నది. గోడవైపు తిరిగి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఉంది. నేను భుజం మీద చెయ్యి వేశాను. కాసేపటికి మొహం తుడుచుకుని, పప్పు గిన్నె చేతిలోకి తీసుకుంది.

"అక్కా, బావగారికి కుర్చీ దొరికిందేమో చూడు. వడ్డన నేనే చేస్తా" అంది.