నీలం లారీ మీద చెయ్యి గుర్తు

మా అన్న తన లారీని కడిగినంత తీరుగా ఈ గోదావరిఖనిలో ఎవరూ పసిబిడ్డకు కూడా నీళ్ళు పోయరు. మెచ్చుకుని అంటున్న మాట కాదిది, ఒళ్ళు మండి అంటున్నాను. అది ఆరు టైర్ల పాత లారీ. కొన్న వెంటనే ముదురు నీలం రంగు వేయించి ఇంటి ముందు నిలబెట్టుకున్నాడు. బొగ్గు మీద బతికే ఊళ్ళో ఉండి బొగ్గు మాత్రం ఎత్తడు. రిటైరై క్వార్టర్ ఖాళీ చేసేవాళ్ళ సామాన్లు, పెళ్ళిళ్ళ టెంట్లు, బియ్యం బస్తాలు, ఇవే అతని కిరాయిలు. బొగ్గు ఎత్తితే రంగు పాడవుతుందట. మా అన్న అవతారం చూసి నవ్వుకునే మా ఆయన మైనులో ఫిట్టరు. "మీ అన్న లారీ కొనలె, పెండ్లిపిల్లను తెచ్చుకున్నడు" అంటాడు.

కడగడానికి ఒక శాస్త్రమే పెట్టుకున్నాడు. ముందు పైపు నీళ్ళతో దుమ్మంతా జారిపోయేదాకా తడపాలి. అప్పటిదాకా బట్ట తగలకూడదు. బొగ్గుదుమ్ము మీద పొడిబట్ట వేసి రుద్దితే రంగును గరుకు కాయితంతో గీకినట్టే. తర్వాత షాంపూ నీళ్ళకు ఒక బకెట్, బట్ట జాడించడానికి ఇంకో బకెట్. పైనుంచి కిందికే రావాలి. ఎండలో కడగకూడదు. నీళ్ళను వాటంతట అవి ఆరనివ్వకూడదు, మా నీళ్ళు ఆరితే తెల్లటి మచ్చలు దిగుతాయి. అన్నిటికంటే పెద్ద నియమం ఇంకొకటి ఉంది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ అయ్యి, లేచిన దుమ్ము నేల మీదికి దిగేదాకా బకెట్ ముట్టుకోడు. తడి బండి మీద ఆ దుమ్ము పడితే బురదై అతుక్కుంటుంది, కడిగిందంతా దండగ. "నన్ను పెండ్లిచూపులల్ల గూడ గంత తీరుగ చూడలె మీ అన్న" అని మా వదిన అంటుంది.

ఇంత శాస్త్రం తెలిసినవాడు పోయిన దసరాకు ఏం చేశాడో చెప్పాలి.

దసరా నాడు మా దగ్గర బండ్లన్నిటికీ పూజ. లారీ మీద ఆడబిడ్డ చెయ్యి పెట్టాలి. ఆ ఇంటి ఆడబిడ్డను నేనొక్కదాన్నే. మమ్మల్ని కన్న బాపు, అవ్వ పోయాక ఆ ఇంట్లో నాకంటూ మిగిలిన పనీ, మిగిలిన హక్కూ అదొక్కటే. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా తిరుగుతుంది కదా, మా అవ్వ గడపలకూ బాపు సైకిలుకూ అట్లా కలిపే పెట్టేది. వట్టి పసుపైతే ఎండి రాలిపోతుంది, సున్నం పడితే నిలుస్తుంది. నేనూ అట్లాగే కలిపి, డ్రైవరు వైపు తలుపు మీద ఐదు వేళ్ళూ ఆనేటట్టు ఒత్తాను. పెట్టిన చెయ్యిని ఎవరూ తుడవరు. వానకో ఎండకో అదే పోవాలి.

సాయంత్రం అన్నకు జమ్మి పెట్టి కాళ్ళు మొక్కుదామని ఆకు పట్టుకుని బయటికి వచ్చాను. తలుపు ముందు నిలబడి, మెడలో తువాల తీసి, ఎండిన చేతిని బరబరా రుద్దుతున్నాడు. నా బొటనవేలు అప్పటికే మాయమైంది.

"సున్నం పెయింటును తింటదట చెల్లె. ఇప్పుడే ఎవలో చెప్పిన్రు" అన్నాడు, చెయ్యి ఆపకుండా.

"ఆడబిడ్డ చెయ్యి పెట్టిన నాడే తుడుస్తరానె?" అన్నాను. అతను చూపుడువేలు మీదికి వెళ్ళాడు. జమ్మి ఆకు నా గుప్పిట్లోనే ఉండిపోయింది. చెప్పులేసుకుని షేర్ ఆటో ఎక్కి మా సెంటినరీ కాలనీకి వచ్చేశాను. వదిన వెనక పరుగెత్తుకొచ్చి అరిసెల స్టీలు డబ్బా నా ఒళ్ళో పడేసింది. ఏడాది గడిచింది, ఆ ఇంటి గడప తొక్కలేదు.

ఈసారి దసరా దగ్గర పడేకొద్దీ నాకు ఒక్కచోట నిలవబుద్ధి కాలేదు. బతుకమ్మకు కూర్చిన పూలను విప్పి మళ్ళీ పేర్చాను. కడిగిన గిన్నెలు మళ్ళీ కడిగాను. అన్న ఫోన్ చేశాడు, కానీ మా ఆయనకు చేశాడు. "పండుగకు రాండ్రి బావ" అన్నాడట. ఆయనను పిలిస్తే నన్ను పిలిచినట్టా? నాకేం ఫోన్ లేదా? ఏడాది అలకను లోకం అలకే అంటుంది. రెండో ఏడు కూడా పోకపోతే దాన్ని తెగతెంపులు అంటారు. మళ్ళీ కలవడానికి పెళ్ళో చావో రావాలి. ఆ సంగతి తెలిసి కూడా కాలు ముందుకు పడదు. పిలవని పేరంటానికి పోవడానికి నాకేం సిగ్గు లేదా అని ఒక మనసు, తల్లిగారింటికి ఎవరు పిలవాలే అని ఇంకో మనసు.

"కాలు కాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్" అన్నాడు మా ఆయన, నైట్ షిఫ్టు డ్యూటీకి ముందు నిద్రపోదామని చూస్తూ. "పో, పోయి కొట్లాడన్న కొట్లాడిరా. నన్ను పండనియ్యి." అక్కడితో ఊరుకోకుండా, "మీ వదిన చెల్లె వస్తున్నదట పండుగకు. చెయ్యి ఆమెతోని పెట్టిస్తరేమో" అన్నాడు. ఆటకే అన్నాడని తెలుసు. కానీ ఆ మాట లోపల చీమలా పాకింది. నన్ను ఆటో ఎక్కించింది ఆ మాటే.

ఉత్త చేతులతో పోతే ఓడిపోయినట్టుంటుంది. ఏడాదిగా అటక మీదున్న వదిన డబ్బా దింపాను. ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదు కాబట్టి రొట్టెలు, బెల్లం దంచి మలీద చేసి నింపాను. డబ్బా ఇచ్చి వచ్చేస్తాను, కూర్చోను కూడా కూర్చోను అని దారి పొడుగునా నాకు నేనే చెప్పుకున్నాను. ఆటోలో పక్కనున్న ముసలామె "ఎందుకు బిడ్డ గట్ల కాలూపుతున్నవ్" అని అడిగింది. ఊపుతున్నానని అప్పుడే తెలిసింది.

నేను వాకిట్లోకి వెళ్ళేసరికి లారీ నిండా నీళ్ళు కారుతున్నాయి. అన్న లుంగీ ఎగ్గట్టి బంపరు కడుగుతున్నాడు. నన్ను చూసి చెయ్యి ఆపాడు, మళ్ళీ బంపరు మీదికి వంగాడు. నేనూ అటు చూడకుండా డబ్బా వదినకు అందించాను. ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "పండుగ రేపే గద, ఇయ్యాల బ్లాస్టింగ్ ఉండదన్నరు. గందుకే ముందుగాల్నే మొదలువెట్టిండు" అంది. ఎవరూ అడగని సంగతి అది. ఎవరో ఒకరు ఏదో ఒకటి మాట్లాడాలి కదా.

సరిగ్గా అప్పుడు సైరన్ మోగింది.

మా అన్న ముఖం చూడాల్సింది. పిడుగు పడుతుందన్నా అంత భయపడడు. సైరన్ అయిన కాసేపటికి బాంబు పేలుతుంది, గాలి ఇటే ఉంటే దుమ్ము వచ్చి మీద పడుతుంది. ఆ రోజు గాలి ఇటే ఉంది. కప్పేద్దామంటే తాటిపత్రి పట్టా నిండా పాతదుమ్ము, అది గాలికి కొట్టుకుంటే ఇంకా గీతలు. తడి ఆర్చడం తప్ప దారి లేదు.

"జల్ది తుడువాలె" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. వదిన పొయ్యి మీద కూర వదిలి వచ్చింది. నేను కొంగు నడుముకు దోపి, చేతికందిన కొంగు చివరతోనే తలుపు తుడవబోయాను.

"కొంగుతోని వద్దు. జరీ గీసుకుంటది" అన్నాడు. ఏడాది తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది. మెత్తటి తువాల ఒకటి నా భుజం మీద వేసి, "గాజులు గూడ పైకి ఎగదోసుకో" అన్నాడు. పండుగ పూట వచ్చిన ఆడబిడ్డను కూర్చో అనకుండా గాజులు ఎగదోసుకొమ్మన్నాడు. నా కోపం నెత్తికెక్కింది. అయినా ఎగదోసుకున్నాను. ఆ బండి నాకు మాత్రం పరాయిదా.

వదిన బానెట్, అన్న నిచ్చెన మీద క్యాబిన్ పైభాగం, నేను డ్రైవరు వైపు తలుపు. పాలిష్ పట్టిన రంగు మీద నీళ్ళు చామాకు మీద నిలిచినట్టు బొట్లు బొట్లుగా ఉన్నాయి. తువాల ఆనిస్తే చాలు జారిపోతున్నాయి. ఒక్కచోట మాత్రం బొట్లు లేవు. అక్కడ నీళ్ళు పలచగా పరుచుకుని, రంగుకు అంటుకుని ఉన్నాయి. సబ్బేమో అనుకుని తుడిచాను. క్యాబిన్ మీద మిగిలిన సబ్బు పోవాలని అన్న పైనుంచి పైపు నీళ్ళు ఒకసారి వదిలాడు, అవి కిందికి జారాయి. చుట్టూ బొట్లు కట్టాయి, అక్కడ మళ్ళీ పలచగా పరుచుకున్నాయి. ఈసారి వంగి చూశాను. అరచెయ్యి, దాని మీద నాలుగు వేళ్ళు, పక్కకు బొటనవేలు.

బాంబు పేలింది. కిటికీ రేకులు గలగలమన్నాయి. నేను తువాల పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.

"అన్నా, ఇదేంది?"

నిచ్చెన మీద నుంచి దిగి నా పక్కకు వచ్చాడు. "నాడు పొడిబట్టతోని రుద్దిన గద. బొగ్గుదుమ్ము మీద పడి ఉండె. నీ చెయ్యి ఏడ ఉంటె ఆడ గీసుకపోయింది. మెరుపు పోయింది" అన్నాడు. "సున్నం తినలె. నేనే తిన్న."

"పాలిష్‌వాళ్ళకు చూపియ్యలేదా?"

"చూపిచ్చిన. మిషిన్ పెడ్తె పోతదన్నరు. వద్దన్న."

"మరి మిగిలిన తలుపంత పాలిష్ పెట్టి ఇక్కడ ఎందుకు ఇడిసిపెట్టినవ్?"

అప్పటికి దుమ్ము వాసన ముక్కుకు తగులుతోంది. అతను ఆ జాగాను తువాలతో రుద్దలేదు, అద్దాడు. తడి పోయేకొద్దీ చెయ్యి కూడా కనబడకుండా పోయింది. తలుపు వైపే చూస్తూ అన్నాడు, "పాలిష్ పెడ్తె పసుపు నిలువది గద చెల్లె."

నాకు ఏడుపొచ్చింది. ఏడాదిగా దాచుకున్న మాటలు ఎన్నో ఉన్నాయి, ఆటోలో మళ్ళీ మళ్ళీ అనుకుని వచ్చిన మాటలు. ఒక్కటీ గుర్తు రాలేదు. కోపం పోయిందని కాదు, దానికి నిలబడే జాగా లేకుండా పోయింది. "ఫోన్ నాకెందుకు చెయ్యలె మరి" అని మాత్రం అన్నాను. "చేస్తె ఎత్తుతవా?" అన్నాడు. నిజమే, ఎత్తేదాన్ని కాదు.

దుమ్ము వచ్చింది. కానీ లారీ అప్పటికే ఆరింది, మీద పడింది ఎక్కడా అంటుకోలేదు. ముగ్గురమూ గుమ్మంలో నిలబడి చూశాం. వదిన మలీద డబ్బా తెరిచి ముందు అతని చేతిలో, తర్వాత నా చేతిలో ఇంత ఇంత పెట్టింది. ఆ రాత్రి నేను ఇంటికి వెళ్ళలేదు. మా ఆయనకు ఫోన్ చేస్తే, "సరే, ఇగ నిద్రన్న వస్తది" అన్నాడు. నాకా, తనకా అన్నది చెప్పలేదు.

మర్నాడు పొద్దున పైదుమ్మును నీళ్ళతో జార్చి ఆర్చాక, వదిన పసుపు గిన్నె, సున్నం డబ్బా రెండూ తెచ్చి అరుగు మీద పెట్టింది. నేను సున్నం వైపు చెయ్యి పోనివ్వలేదు, అన్న వైపు చూశాను. అతనే మూత తీసి వేలితో ఇంత తీసి గిన్నెలో వేశాడు. పసుపు ఎర్రగా తిరిగింది. మా వదిన చెల్లె హారతి పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడింది. చెయ్యి జాడ తెలియాలని అన్న గుప్పెడు నీళ్ళు తలుపు మీద చల్లాడు. నా ఐదు వేళ్ళూ బయటికి వచ్చాయి.

నేను అరచేతికి పూసుకుని, అలవాటు పడ్డ పిల్లలా గాజులు పైకి ఎగదోసుకోబోయాను. మా అన్న, తలుపుకు ఉంగరం తగిలినా ఓర్చుకోని మా అన్న, నా చెయ్యి పట్టుకుని గాజులు కిందికి దించాడు.

"ఉండనియ్యి. గట్టిగ ఒత్తు" అన్నాడు.